రాత్రి ల్యాండింగ్‌లో నేల మీది లైట్లు పైలట్‌ని ఎలా మోసం చేస్తాయి? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి

కొత్తరెక్కలు
అందరికీ నమస్కారం. పైలట్ శిక్షణలో ఉన్నాను. రాత్రి ఫ్లయింగ్ ఇంతవరకూ ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఉండగానే చేశాను. పోయిన వారం జరిగిన ఒక విషయం ఇక్కడ పెట్టాలనిపించింది, ఎందుకంటే అప్పటినుంచీ అదే బుర్రలో తిరుగుతోంది.

బేస్ నుంచి ఫైనల్‌కి, అంటే రన్‌వేకి ఎదురుగా వచ్చే ఆఖరి దారిలోకి, తిరుగుతుంటే ఎదురుగా రెండు వరసల తెల్ల లైట్లు కనిపించాయి, తిన్నగా, సమాన దూరాల్లో. రన్‌వే దొరికిందనుకుని విమానాన్ని వాటికి ఎదురుగా తెచ్చి పవర్ తగ్గించాను. ఇన్‌స్ట్రక్టర్ గారు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా "మన రన్‌వే హెడింగ్ ఎంత? ఇప్పుడు నీకు ఎంత చూపిస్తోంది?" అని అడిగారు. హెడింగ్ అంటే విమానం ముక్కు తిరిగి ఉన్న దిశ. దాదాపు 25 డిగ్రీల తేడా ఉంది. ఆ క్షణంలో కూడా నాకు అనుమానం పరికరం మీదే వచ్చింది, కళ్ళ మీద రాలేదు. మళ్ళీ బయటికి చూస్తే ఎడమ వరసలో ఒక లైటు నెమ్మదిగా జరుగుతోంది. అది కారు. నేను దిగడానికి సిద్ధపడింది వీధి దీపాలున్న రోడ్డు మీద. అసలు రన్‌వే కుడి పక్కన ఉంది, రోడ్డు లైట్ల కంటే మసగ్గా.

పగలు ఇదే చోట ఎన్నోసార్లు దిగాను. మరి రాత్రి ఇలా ఎలా జరిగింది? సీనియర్లు కొంచెం వివరంగా చెప్పండి సార్.

రెండుతెలుపు_రెండెరుపు
తమ్ముడూ, ముందు నిద్ర పాడుచేసుకోకు. నువ్వు చూసిన రోడ్డు లాంటి రోడ్లు ప్రతి పైలట్‌కీ ఎక్కడో ఒకచోట ఎదురవుతాయి. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ పైలట్ల కోసం రాసిన మాన్యువల్‌లోనే ఉంది, తిన్నగా ఉన్న రోడ్డు లైట్లు, చివరికి కదిలే రైలు లైట్లు కూడా రన్‌వే లైట్లలాగా, దానికి ముందుండే అప్రోచ్ లైట్లలాగా కనిపించవచ్చని. 29 ఏళ్ళు ఎయిర్‌లైన్‌లో ఎగిరి రిటైరయ్యాను కాబట్టి నాకు తెలిసినంత చెబుతాను.

పగలు నువ్వు రన్‌వేని ఒక్కదాన్నే చూడవు. పక్కన పొలం, చెట్లు, షెడ్లు, వాటి సైజులు, నేల రంగు, ఇవన్నీ కలిసి నువ్వు ఎంత ఎత్తులో ఉన్నావో ఎంత దూరంలో ఉన్నావో చెబుతాయి. రాత్రి అవన్నీ పోయి చుక్కలు మాత్రమే మిగులుతాయి, ఆ చుక్కల్ని మెదడు తనకి కావలసిన బొమ్మగా కలుపుకుంటుంది. నీకు ఆ క్షణంలో కావలసింది రన్‌వే, అందుకే రెండు వరసలు కనిపించగానే రన్‌వే అయిపోయింది. ఒకసారి అలా అయిపోయాక దాన్ని మళ్ళీ రోడ్డుగా చూడడం చాలా కష్టం. నీకు పరికరం మీద అనుమానం వచ్చింది కూడా అందుకే.

రంగులు గట్టిగా గుర్తుపెట్టుకో. రన్‌వే అంచులు తెలుపు, పెద్ద రన్‌వేల్లో చివరి 600 మీటర్లు పసుపు. మొదట్లో అడ్డంగా ఆకుపచ్చ, చివర్లో అడ్డంగా ఎరుపు. టాక్సీవే, అంటే విమానాలు రన్‌వేకి వెళ్ళివచ్చే దారి, దాని అంచులు నీలం, మధ్య గీత ఆకుపచ్చ. రోడ్డుకి ఆ అడ్డగీత ఆకుపచ్చ ఉండదు. అది కనబడేదాకా "రన్‌వే కనిపించింది" అనే మాట నోట్లోంచి రానివ్వకు.

కిటికీసీటు
నేను పైలట్‌ని కాదు, ప్రయాణికుణ్ణి మాత్రమే, కానీ ఈ విషయాలంటే చాలా ఆసక్తి. ఒక సందేహం. ఇప్పుడు జీపీఎస్ ఉంది, ఆటోపైలట్ ఉంది, పెద్ద విమానాల్లో అయినా ఇంకా కళ్ళతో వెతుక్కోవాల్సిన పని ఏముంది? ఈ పొరపాట్లు చిన్న విమానాల వరకేనా?

రాత్రిగాలి
పెద్ద విమానాల్లోనూ జరిగాయండీ. నేను ఎయిర్‌బస్ ఏ320 మీద ఫస్ట్ ఆఫీసర్‌ని, అంటే కో-పైలట్‌ని, మా ట్రైనింగ్‌లో బాగా చదివించిన ఘటన ఒకటి చెబుతాను.

2017 జూలై 7, శాన్‌ఫ్రాన్సిస్కో, అర్ధరాత్రికి కొద్ది నిమిషాల ముందు. ఎయిర్ కెనడా 759, ఏ320, లోపల 135 మంది ప్రయాణికులు, 5గురు సిబ్బంది. దిగాల్సింది 28 రైట్ మీద, అంటే పక్కపక్కనే ఉన్న రెండు రన్‌వేల్లో కుడిదాని మీద. పక్కనున్న 28 లెఫ్ట్ ఆ రాత్రి పనుల కోసం మూసేసి లైట్లు ఆర్పేశారు. పైలట్ల తలలో ఉన్న బొమ్మ ఏమో రెండు రన్‌వేలు పక్కపక్కన అని. బయట వెలుగుతూ కనిపించినవి రెండు, ఒకటి 28 రైట్, దాని కుడి పక్కన టాక్సీవే సి. ఎడమది లెఫ్ట్ అనుకున్నారు, కుడిది రైట్ అనుకున్నారు. అలా టాక్సీవే మీదికి లైనప్ అయ్యారు. ఆ టాక్సీవే మీద టేకాఫ్ కోసం నాలుగు విమానాలు వరసలో నిలబడి ఉన్నాయి.

మనసుకి ఎక్కడో తేడా కొట్టింది, రన్‌వే మీద లైట్లు కనిపిస్తున్నాయని టవర్‌ని అడిగారు కూడా. టవర్ 28 రైట్ ఖాళీగానే ఉందని చెప్పింది. అది నిజమే. వాళ్ళు చూస్తున్నది మాత్రం 28 రైట్ కాదు. నేల మీది పైలట్లలో ఒకాయన ఈ విమానం టాక్సీవే మీదికి వస్తోందని రేడియోలో అన్నారు, రెండో విమానం వాళ్ళు తమ ల్యాండింగ్ లైట్లు వేశారు. చివరికి 100 అడుగుల లోపు ఎత్తులో సిబ్బంది తమంతట తామే గో-అరౌండ్, అంటే దిగడం మానేసి మళ్ళీ పైకి వెళ్ళడం, మొదలుపెట్టారు, టవర్ చెప్పేలోపే. మొదటి విమానం మీదుగా వెళ్ళి, రెండోదాని దగ్గర అత్యల్ప ఎత్తు సుమారు 60 అడుగులు. ఆ పెద్ద విమానాల తోకలే ఇంచుమించు అంత ఎత్తుంటాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

కిటికీసీటు
చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. రన్‌వే మూసేశారని వాళ్ళకి ముందే తెలియదా?

రాత్రిగాలి
కాగితాల్లో ఉంది. విచారణ చేసిన అమెరికా రవాణా భద్రతా సంస్థ ఎన్‌టీఎస్‌బీ నివేదిక ప్రకారం ఆ నోటీసు ప్రయాణానికి ముందు పైలట్లకిచ్చే 27 పేజీల ఫ్లైట్ రిలీజ్‌లో 8వ పేజీలో ఉంది. చదివారు, అయినా అవసరమైన క్షణంలో గుర్తుకు రాలేదు. కెప్టెన్ అప్పటికి 19 గంటలకి పైగా మెలకువగా ఉన్నారు. ఇంకొకటి, ఆ అప్రోచ్‌కి, రేడియో సంకేతాలతో రన్‌వే దారి చూపే ఐఎల్‌ఎస్ ఫ్రీక్వెన్సీని చేత్తో ట్యూన్ చేయాలి, ఆ స్టెప్ తప్పిపోయింది. అది పెట్టి ఉంటే సెంటర్‌లైన్ పక్కకి జరిగిపోయిందని కళ్ళముందే కనిపించేది.

మీరు అడిగిన జీపీఎస్‌కి జవాబు కూడా ఇందులోనే ఉంది. పరికరం ఉండడం వేరు, ఆ రాత్రి దాన్ని పెట్టుకుని చూడడం వేరు. ఆకాశం నిర్మలంగా ఉండి రన్‌వే పది మైళ్ళ నుంచే కనిపిస్తుంటే "విజువల్‌గా వెళ్ళిపోదాం" అనిపించడం చాలా సహజం.

టవర్‌మేడమ్
కంట్రోలర్‌గా పనిచేసిన మనిషిని కాబట్టి అటువైపు నుంచి ఒక మాట. రాత్రి టవర్ కిటికీలోంచి చూస్తే వచ్చే విమానం ల్యాండింగ్ లైటు తప్ప మాకూ ఏమీ కనిపించదు. అది రన్‌వేకి ఎదురుగా ఉందా, పక్కనున్న టాక్సీవేకి ఎదురుగా ఉందా అన్నది చాలా దగ్గరికొచ్చేదాకా కంటితో తేల్చలేం. శాన్‌ఫ్రాన్సిస్కో ఘటన తర్వాత అక్కడ పక్క రన్‌వే మూసి ఉన్న రాత్రుల్లో విజువల్ అప్రోచ్‌లు, అంటే కంటితో చూసి దిగే అనుమతులు, ఇవ్వడం ఆపేశారు. విమానం టాక్సీవే వైపు వస్తుంటే కంట్రోలర్‌కి హెచ్చరిక ఇచ్చే ఏర్పాటు కూడా ఎఫ్‌ఏఏ నేల రాడార్ వ్యవస్థలో చేర్చింది.

పైలట్లకి నా విన్నపం ఒక్కటే. "రన్‌వే మీద ఏవో లైట్లు కనిపిస్తున్నాయి" అని అడగాల్సి వచ్చిందంటే ఆ అడగడమే గో-అరౌండ్‌కి సరిపోయే కారణం. మా జవాబు కోసం ఎదురుచూస్తూ కిందికి దిగుతూ ఉండకండి. మేం ఖాళీగా ఉందని చెప్పేది మేం అనుకుంటున్న రన్‌వే గురించి.

గాలిమర
నా అభిప్రాయం కొంచెం వేరు. ఇవన్నీ చివరికి పైలట్ తప్పులే కదా. లైట్ల రంగులు ప్రపంచమంతా ఒకటే, అవి చూసి గుర్తుపట్టలేనివాళ్ళు దిగకూడదు. లైట్ల మీద నెపం వేయడం నాకు నచ్చలేదు.

రెండుతెలుపు_రెండెరుపు
గాలిమర గారూ, బాధ్యత పైలట్‌దే, అందులో వాదన లేదు. కానీ తప్పని పేరు పెట్టి అక్కడితో ఆపేస్తే తర్వాతి పైలట్ అదే చోట అదే లైట్లు చూసి అదే పని చేస్తాడు.

2014 జనవరి 12 రాత్రి అమెరికాలో సౌత్‌వెస్ట్ వాళ్ళ బోయింగ్ 737 బ్రాన్సన్‌లో దిగాల్సింది పోయి కొద్ది మైళ్ళ దూరంలో ఉన్న చిన్న విమానాశ్రయంలో దిగింది. రెండు రన్‌వేల దిశలూ ఇంచుమించు ఒకటే. దిగాల్సిన రన్‌వే పొడవు 7,140 అడుగులు, దిగింది 3,738 అడుగుల మీద. గట్టిగా బ్రేకులు వేస్తే చివర ఇంకా 300 అడుగులు ఉందనగా ఆగింది. అంతకు రెండు నెలల ముందే, 2013 నవంబర్‌లో, బోయింగ్ విడిభాగాలు మోసే భారీ 747 డ్రీమ్‌లిఫ్టర్ విచిటాలో ఎయిర్‌ఫోర్స్ బేస్ బదులు పక్కనున్న జబారా విమానాశ్రయంలో రాత్రిపూట దిగిపోయింది. రెండు కాక్‌పిట్లలోనూ కుర్చీల్లో ఉన్నది కొత్తవాళ్ళు కాదు. ఇద్దరికీ ముందు కనిపించిన వెలుగే తమదనిపించింది. రంగులన్నీ సరిగానే ఉన్నాయి అక్కడ, ఎందుకంటే అవి నిజమైన రన్‌వే లైట్లే, విమానాశ్రయమే వేరు!

గాలిమర
ఇది నేను ఆలోచించలేదు. ఒప్పుకుంటున్నాను, రంగు ఒక్కటే చాలదు.

కొత్తరెక్కలు
సార్, ఇంకో ప్రశ్న. మా ఇన్‌స్ట్రక్టర్ గారు "బ్లాక్ హోల్ జాగ్రత్త" అంటుంటారు. పుస్తకంలో చదివాను కానీ ఎలా జరుగుతుందో తలకెక్కలేదు. రన్‌వే కనిపిస్తూనే ఉంటుంది కదా, మరి కిందికి ఎందుకు జారిపోతాం?

రెండుతెలుపు_రెండెరుపు
ఈ చర్చలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదువు.

ఒక పోస్ట్‌కార్డు సైజు అట్టముక్క తీసుకుని టేబుల్ మీద పడుకోబెట్టి, పొడవు నీ నుంచి అవతలికి సాగేట్టు పెట్టు. టేబుల్ అంచు దగ్గర గడ్డం ఆనించి చూడు, అట్ట నలిగిపోయినట్టు సన్నగా అడ్డగీతలా ఉంటుంది. మెల్లగా తల పైకెత్తు, అట్ట సాగుతూ పొడుగవుతుంది. ఫైనల్‌లో నీ కన్ను చేసేది ఇదే. రన్‌వే ఆకారం ఎంత పొడుగ్గా కనిపిస్తే అంత ఎత్తులో ఉన్నామని లెక్క వేస్తుంది. పగలు చుట్టూ ఉన్న నేల ఆ లెక్కని సరిచేస్తుంది. నల్లటి నీళ్ళ మీదుగానో, ఒక్క దీపం లేని అడవి మీదుగానో వస్తుంటే సరిచేసేవాళ్ళే లేరు.

ఇప్పుడు తల ఒక ఎత్తులో ఉంచి అట్ట వైపు మెల్లగా జరుగు. దగ్గరయ్యే కొద్దీ అట్ట పొడుగవుతున్నట్టు ఉంటుంది. ఆ పొడవు మారకూడదని నువ్వు అనుకున్నావనుకో, ఏం చేస్తావు? తల దించుతావు. రాత్రి పైలట్ తనకి తెలియకుండా సరిగ్గా అదే చేస్తాడు. రన్‌వే మొదటి లైటుకీ చివరి లైటుకీ మధ్య కనిపించే కోణం మారకుండా పట్టుకుంటూ వస్తాడు. అలా వస్తే విమానం తిన్నని గీత మీద కాకుండా కిందికి వంగిన వంపులో ప్రయాణిస్తుంది, ఆ వంపు రన్‌వేకి ముందే నేలకి చేరువవుతుంది. అంతసేపూ కళ్ళకి అంతా సవ్యంగానే ఉన్నట్టుంటుంది, అదే భయం.

1960ల్లో బోయింగ్‌లో కాన్రాడ్ క్రాఫ్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని సిమ్యులేటర్‌లో పరీక్షించాడు. రాత్రి నగరం లైట్ల నమూనా తయారుచేసి, నగరం రన్‌వే వెనక ఏటవాలుగా పైకి లేచేట్టు పెట్టి, ఎత్తు చూపే ఆల్టిమీటర్ లేకుండా అనుభవజ్ఞులైన పైలట్లని దిగమన్నాడు. చాలామంది ప్రమాదకరమైనంత కిందికి వచ్చేశారు, తాము కిందికి వచ్చామని వాళ్ళకి తెలియనే లేదు. రన్‌వే వెనక వెలుగులతో నిండిన ఏటవాలు ఉంటే ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఎత్తులో ఉన్నట్టు ఎక్కువగా అనిపిస్తుంది.

కొత్తరెక్కలు
అట్టముక్కతో ఇప్పుడే చేసి చూశాను సార్. నిజంగానే తల దానంతట అదే దిగిపోతోంది. ఇన్ని రోజులు చదివినా రాని విషయం రెండు నిమిషాల్లో వచ్చింది.

కాంతిమేస్త్రి
నేను వేరే వైపు మనిషిని. పెద్ద ప్రాంగణాలకి ఫ్లడ్‌లైట్లు బిగించే పని. ఈ చర్చ నిన్నటినుంచీ చదువుతున్నా, ఇప్పుడు రాయకుండా ఉండలేకపోతున్నా. మేం ఒక విమానాశ్రయం దగ్గర్లో ఉన్న సామాన్ల యార్డుకి లైటింగ్ చేశాం. ఎత్తు స్తంభాలు, ఒక్కోదానికి ఆరు ఎల్‌ఈడీ లైట్లు, రెండు వరసలు, మధ్యలో లారీల దారి. యజమానికి నేల మీద వెలుగు బాగా పడాలి అంతే, కాబట్టి లైట్ల మూతి కొంచెం పైకి లేపి బిగించాం. మా పనిలో పైనుంచి ఎలా కనిపిస్తుందని అడిగినవాళ్ళే లేరు. ఇప్పుడు ఆలోచిస్తే రెండు తిన్నని తెల్ల వరసలు, మధ్యలో చీకటి దారి. ఇది పైలట్‌కి ఎలా కనిపిస్తుందో చెప్పగలరా? చాలా టెన్షన్‌గా ఉంది.

టవర్‌మేడమ్
మీరు అడిగినందుకు ధన్యవాదాలు, నిజంగా. ఇలా అడిగే లైటింగ్ వాళ్ళు మాకు అరుదు.

దీనికి అంతర్జాతీయ నియమమే ఉంది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో అనుబంధం 14లో, విమానాశ్రయం దగ్గర విమానయానానికి సంబంధించని ఏ లైటయినా విమానాల భద్రతకి ముప్పు తెచ్చేలా ఉంటే దాన్ని ఆర్పేయాలి, లేదా కప్పాలి, లేదా మార్చాలి అని ఉంటుంది. వెలుగు ఎంత, వరస ఎలా ఉంది, రంగు ఏమిటి, ఈ మూడింటి వల్ల అసలు లైట్లని గుర్తుపట్టడం కష్టమైతే కూడా అంతే. పెద్ద ఇన్‌స్ట్రుమెంట్ రన్‌వేలకి రన్‌వే రెండు చివరల నుంచీ 4,500 మీటర్ల వరకూ, సెంటర్‌లైన్ పొడిగింపుకి చెరో పక్కన 750 మీటర్ల వరకూ ప్రత్యేకంగా చూడమంటారు. మీ యార్డు ఆ పట్టీలోకి వస్తుందేమో మొదట చూడండి. వచ్చినా రాకపోయినా విమానాశ్రయం వాళ్ళకి ఒక ఉత్తరం రాయండి. వాళ్ళే ఒక రాత్రి పైనుంచి ఎలా ఉందో పైలట్లని అడుగుతారు.

రాత్రిగాలి
మేస్త్రి గారూ, పైనుంచి ఎలా ఉంటుందో నేను చెబుతాను. నేల మీద పడే వెలుగు మాకు ఇబ్బంది కాదు, అది మెత్తగా ఒక మడుగులా కనిపిస్తుంది. ఇబ్బంది పెట్టేది దీపం ముఖం. అది నేరుగా కనిపించిందా, చుక్కలా గుచ్చుకుంటుంది, దాని చుట్టూ ఇంకేమీ కనిపించదు. చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి కళ్ళకి దాదాపు అరగంట పడుతుంది, ఆ అలవాటు పోవడానికి ఒక్క క్షణం చాలు.

పాత వీధి దీపాలు ఎక్కువగా సోడియం, పసుపు రంగు. ఆ పసుపు మధ్య రన్‌వే తెలుపు వేరుగా తెలిసేది. ఇప్పుడు చాలాచోట్ల రోడ్లన్నీ తెల్ల ఎల్‌ఈడీలు అయ్యాయి, రన్‌వే కూడా తెలుపే. ఆ తేడా మాకు తగ్గిపోయింది. కొత్తరెక్కలు తమ్ముడు చూసిన రోడ్డు కూడా అలాంటిదే అయుంటుంది.

కొత్తరెక్కలు
అవును, ఎల్‌ఈడీలే. రన్‌వే లైట్లు వాటికంటే తక్కువ వెలుగులో ఉన్నాయి.

గాలిమర
ఎక్కువ వెలుగున్నది దగ్గరగా ఉన్నట్టు అనిపిస్తుంది కదా, మసగ్గా ఉన్నది దూరంగా. అలాగైతే రన్‌వే లైట్లు ఫుల్‌గా పెట్టేస్తే సమస్య తీరిపోదా?

రెండుతెలుపు_రెండెరుపు
తీరదండీ, ఇంకో సమస్య వస్తుంది. చుట్టూ చీకటి ఉండి రన్‌వే, అప్రోచ్ లైట్లు మరీ ప్రకాశంగా ఉంటే రన్‌వే ఉన్నదానికంటే దగ్గరగా అనిపిస్తుంది. దానికి తగ్గట్టు పైలట్ ఎత్తులో ఉండిపోతాడు, చివర్లో తొందరపడి దిగుతాడు. పొగమంచు పొర ఉంటే దీనికి వ్యతిరేకం, రన్‌వే దూరంగా అనిపిస్తుంది. వాన చినుకులు విండ్‌షీల్డ్ మీద ఉంటే ఎత్తులో ఉన్నట్టు అనిపిస్తుంది. సన్న రన్‌వే అయినా, ఎదురెక్కుడు రన్‌వే అయినా అదే భ్రమ, ఎత్తులో ఉన్నామనుకుని దించేస్తాం. అందుకే టవర్ వాళ్ళని లైట్లు తగ్గించమనో పెంచమనో మొహమాటం లేకుండా అడగాలి. టవర్ లేని చోట్ల, అమెరికా లాంటి దేశాల్లో, పైలటే రేడియో బటన్ నొక్కి వెలుగు మార్చుకోవచ్చు, ఐదు సెకన్లలో 7 నొక్కులైతే ఎక్కువ, 5 అయితే మధ్యస్థం, 3 అయితే తక్కువ.

కిటికీసీటు
లేజర్ల సంగతి కూడా ఎవరైనా చెప్పండి. ఈమధ్య ఈవెంట్లలో ఆకాశంలోకి కిరణాలు వదులుతున్నారు, చేతిలో పట్టుకునే పచ్చ లేజర్లు కూడా దొరుకుతున్నాయి. ఇంత చిన్న వస్తువు అంత ఎత్తులో ఏం చేస్తుంది?

రాత్రిగాలి
ఒకసారి పడింది నా మీద. 2,000 అడుగుల దగ్గర ఉన్నాం, ఎడమ కిటికీలోంచి పచ్చటి వెలుగు వచ్చి కాక్‌పిట్ అంతా ఒక్కసారి పచ్చగా అయిపోయింది. చేతిలో ఉన్నప్పుడు పెన్సిల్ మొన అంత ఉండే కిరణం అంత దూరం వచ్చేసరికి పెద్ద వలయంలా విచ్చుకుంటుంది, పైగా విండ్‌షీల్డ్ మీద ఉండే సన్నని గీతలన్నిటికీ తగిలి చెదిరి మొత్తం అద్దమే వెలిగినట్టు అవుతుంది. పచ్చ రంగే ఎక్కువ బాధపెట్టడానికి కారణం ఉంది, మన కన్ను పచ్చకే అన్నిటికంటే ఎక్కువ స్పందిస్తుంది. కెప్టెన్ గారికి నేరుగా తగిలింది, వెంటనే "యు హావ్ కంట్రోల్" అన్నారు. నేను తల దించి పరికరాల మీదే చూపు పెట్టి నడిపాను, కాక్‌పిట్ లైట్లు పెంచాం, టవర్‌కి చెప్పాం. కళ్ళు నలపకూడదు, వెలుగు ఎటునుంచి వస్తోందని అటు చూడకూడదు.

అమెరికాలో ఒక్క 2023లోనే ఎఫ్‌ఏఏకి 13,304 లేజర్ ఘటనలు అందాయి. అక్కడ విమానం మీదికి లేజర్ చూపితే ఐదేళ్ళ వరకూ జైలు. వేసేవాడికి అది ఆట, లోపల కూర్చున్నవాళ్ళకి మరో రెండు నిమిషాల్లో నేల తగలబోతోంది.

టవర్‌మేడమ్
ల్యాండింగ్ కాదు కానీ లైట్లు దారి తప్పించడమంటే నాకు మొదట గుర్తొచ్చేది 2000 అక్టోబర్ 31, తైపే. సింగపూర్ ఎయిర్‌లైన్స్ 006. తుఫాను వాన, రాత్రి. 05 లెఫ్ట్ నుంచి టేకాఫ్ కావాలి, టాక్సీవే మధ్యలోని ఆకుపచ్చ లైట్లు పక్కనున్న 05 రైట్ వైపు తిరిగి ఉన్నాయి, విమానం వాటి వెంటే వెళ్ళింది. ఆ రన్‌వే మీద నిర్మాణ యంత్రాలు ఉన్నాయి. 83 మంది చనిపోయారు. మేం లైటు వేసినా ఆర్పినా దాని వెంట మనుషులు వెళ్తారని ఆ నివేదిక చదివినప్పుడు నాకు తెలిసింది. ఆ తర్వాత నా షిఫ్టులో పనులు జరిగే చోట ఏ లైటు వెలుగుతోంది, ఏది ఆరిందని స్వయంగా అడిగి తెలుసుకోకుండా కూర్చోలేదు.

పాతరాడార్
కావాలని మోసం చేసిన చరిత్ర కూడా ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వాళ్ళు శత్రు బాంబర్లని తప్పుదారి పట్టించడానికి ఖాళీ పొలాల్లో రాత్రిపూట నకిలీ రన్‌వే లైట్లు పెట్టేవాళ్ళు, క్యూ సైట్లు అని పేరు. నిజమైన విమానాశ్రయం అనుకుని పైనున్నవాళ్ళు బాంబులు వాటి మీద వేసేవాళ్ళు. చీకట్లో నాలుగు దీపాలు పెడితే చాలు, మిగతాది మనిషి మెదడే పూర్తిచేసుకుంటుందని వాళ్ళకి అప్పుడే తెలుసు.

కొత్తరెక్కలు
ఇవన్నీ చదివాక రాత్రి ఎగరాలంటే కొంచెం భయంగానే ఉంది, దాచను. మీరు ప్రతి రాత్రి ల్యాండింగ్‌కీ తప్పకుండా చేసే పనులు చెప్పండి సార్.

రెండుతెలుపు_రెండెరుపు
భయం ఉండనీ, ఎగరడం ఆపకు.

నేను వాతావరణం ఎంత బాగున్నా ఐఎల్‌ఎస్ గానీ జీపీఎస్ అప్రోచ్ గానీ పెట్టుకోకుండా రాత్రి దిగలేదు. రన్‌వే కనిపించిందని అనుకోగానే హెడింగ్ చూసుకుంటాను. తర్వాత దూరం, ఎత్తు. మూడు డిగ్రీల దారికి నాటికల్ మైలుకి సుమారు 300 అడుగులు, అంటే నాలుగు మైళ్ళ దగ్గర రన్‌వేకి 1,200 అడుగుల పైన ఉండాలి. అక్కడ 800 ఉందంటే కళ్ళు ఏం చెప్పినా వినను. ఏ పరికరమూ లేని చిన్న చోట అయితే ముందు విమానాశ్రయం మీదికి వెళ్ళి, పైనుంచి చూసుకుని, దగ్గరి సర్క్యూట్‌లో, అంటే రన్‌వే చుట్టూ తిరిగి, దిగు. చీకటి మీదుగా దూరం నుంచి తిన్నగా రాకు.

రన్‌వే పక్కన ఉండి నీ ఎత్తు సరిగ్గా ఉందో లేదో చూపే పాపీ లైట్ల గురించి. నాలుగు దీపాలు ఒక్కోటి ఒక్కో కోణానికి పెట్టి ఉంటాయి, మూడు డిగ్రీల దారికి మామూలుగా రెండున్నర డిగ్రీల నుంచి మూడున్నర దాకా, ఒక్కోదానికి మధ్య డిగ్రీలో మూడో వంతు. రెండు తెలుపు, రెండు ఎరుపు అయితే దారిలో ఉన్నావు. మూడు ఎరుపులైతే కిందికి జారుతున్నావు. నాలుగూ ఎరుపైతే ఆలోచించకు, దిగడం ఆపి పైకి వెళ్ళు. తెల్లవారుజామున అద్దాల మీద మంచు పడితే ఎరుపూ తెలుపూ కలిసిపోయి గులాబీలా కనిపిస్తాయి, అలాంటప్పుడు నమ్మకు.

రాత్రిగాలి
ఒకటి కలుపుతాను. గో-అరౌండ్ చేశాక కూడా ప్రమాదం ఉంటుంది. చీకట్లోకి పవర్ పెంచితే, ఆ ముందుకు తోసే బలం వల్ల ముక్కు పైకి లేచిపోతోందని చెవిలోని సమతౌల్య అవయవం చెబుతుంది, పైలట్ ముక్కుని కిందికి తోసేస్తాడు. 2000 ఆగస్టు 23న బహ్రెయిన్‌లో గల్ఫ్ ఎయిర్ 072 రాత్రి గో-అరౌండ్ చేసి సముద్రంలోకి వెళ్ళిపోయింది, 143 మంది పోయారు. పవర్ వేసిన క్షణం నుంచీ కళ్ళు ముక్కు పైకుందో కిందికుందో చూపే ఆటిట్యూడ్ ఇండికేటర్ మీదే ఉండాలి.

కొత్తరెక్కలు
నిన్న రాత్రి మళ్ళీ వెళ్ళాను. అదే చోటు, అదే రోడ్డు. ఈసారి ఫైనల్‌కి తిరగకముందే రన్‌వే దిశని గుర్తుచేసే హెడింగ్ బగ్ పరికరం మీద పెట్టుకున్నాను, ఇన్‌స్ట్రక్టర్ గారికి "ఆకుపచ్చ అడ్డగీత కనిపించింది" అని గట్టిగా చెప్పాను. ఒక మైలు దగ్గర మూడో పాపీ దీపం తెలుపు నుంచి లేత గులాబీ అయి ఎరుపవడం మొదటిసారి శ్రద్ధగా చూశాను. కళ్ళకి మాత్రం ఇంకా ఎత్తులోనే ఉన్నట్టుంది. కొంచెం పవర్ పెట్టాను, మళ్ళీ తెలుపయింది. అలా ఆరు ల్యాండింగ్‌లు చేశాం.

కాంతిమేస్త్రి
విమానాశ్రయం వాళ్ళకి ఉత్తరం ఇచ్చాను. యజమానిని కూడా ఒప్పించాను, నేల మీద వెలుగు తగ్గదని స్తంభం ఒకటి మార్చి చూపించాక సరే అన్నాడు. రేపు రాత్రి అన్నీ ఎక్కి మూతులు నేలకి సమాంతరంగా దించుతాం, అప్రోచ్ వైపు ఉన్న ఎనిమిదింటికి రేకు మూతలు వేస్తాం. ఇంకేమైనా చూడమంటారా?

రెండుతెలుపు_రెండెరుపు
సంతోషం నాయనా. పని అయ్యాక ఏదైనా ఎత్తయిన మేడ ఎక్కి, విమానాలు వచ్చే దిక్కు నుంచి యార్డు వైపు చూడు. వెలిగే నేల కనిపించవచ్చు, దీపం ముఖం ఒక్కటి కూడా కనిపించకూడదు. కనిపిస్తే ఆ స్తంభం నంబరు రాసుకుని మళ్ళీ ఎక్కండి. రెండు వరసల్లో ఒకదాని లైట్ల చోటు మార్చి ఆ తిన్నని జంట గీతని చెరిపేయగలరేమో కూడా యజమానిని అడుగు.

కాంతిమేస్త్రి
సరే సార్. అడిగి చెబుతాను.